రెండొందల పన్నెండో పేజీ దాకా

అట్ట లేదు. పేరు తెలీదు.
పత్తికొండ శాఖా గ్రంథాలయంలో
కాలు విరిగిన బల్ల ఊగకుండా కింద దోపిన పుస్తకాల్లో
పైనుంచి రెండోది.
జుబేదమ్మ నడిగితే
"తీసుకపో మద్దిలేటీ, బదులు ఇంకోటి పెట్టిపో" అన్నది.

కరువు కథ. గంజి కేంద్రం.
తిరుపాలు అని ఒక గుమాస్తా,
పొట్టిగా, చెవుల మీద వెంట్రుకలతో.
చేతిలో గరిటె, చంకలో రిజిష్టరు.
నాలుగు రోజులు నడిచొచ్చిన మనిషికి
గరిటె వంచే ముందు అడుగుతాడు:
"మీ పేరు?"
మీ. నీ కాదు.
అధికారి గుర్రం దిగకుండానే
"లెక్క చాలు, పేర్లెందుకు" అంటే
పేరు లేకుంటే లెక్క ఎట్ల తేలుతుంది దొరా అని
మళ్లీ సిరాబుడ్డి మూత తీస్తాడు.

తాగను నీళ్లు లేని చోట
తినేముందు మూడు వేళ్లు తడుపుకుంటాడు.
వంటవాడు నవ్వుతాడు.
నేనూ నవ్వినాను, మొదటి తూరి.

నాది నీళ్ల పని.
పంచాయతీ వాల్వులు తిప్పుతా.
ఎనిమిది రోజులకొక తూరి, వీధికి ముప్పావుగంట.
గుంతలో తేళ్లుంటాయి, కడ్డీతో తట్టి దిగాల.
పైన బిందెలు, బిందెల వెనక తిట్లు,
తిట్ల వెనక ఇండ్లకాడ పసిబిడ్డలు.
ఒత్తిడి గురించి నాకెవరూ చెప్పనక్కర్లేదు.
ఒత్తిడి లేకుంటే నీళ్లు మిట్టకెక్కవు.
ఒత్తిడి పెరిగితేనే
పైపు యాడ ఓటిదో బయటపడుతుంది.

మొన్న శివరాత్రి దాటినాక,
టమోటా కిలో రూపాయికి పడిపోయి
రోడ్డు పొడుగునా ఎర్రగా పారబోసిన వారం,
చిన్నరాయుడి మనుషులు బైకు మీద వచ్చినారు.
"మా వీధి కొంచెం చూసుకో" అన్నారు.
చెయ్యి నా భుజం మీదే ఉండాది.
బరువేమీ లేదు ఆ చెయ్యి.
నాలుగు నిమిషాలు ఎక్కువ వదిలినాను.
దిగువగేరి చివర ఉరుకుందమ్మ కొళాయికి
గాలి వచ్చింది.
బుస్సుమని.

ఆ రాత్రి నూట ఎనభయ్యో పేజీ.
తిరుపాలు కొట్టినాడు.
వరస తప్పిన ముసలాయన్ను, గరిటెతో, నుదుటి మీద.
పుస్తకం మూసేసినాను.
బీడీ తాగి మళ్లీ తెరిచినాను.
తెల్లారి, వరస మొత్తం చూస్తుండగా
గరిటె నేల మీద పెట్టి
"హుసేనయ్యగారూ, తప్పు నాది" అన్నాడు.
ముసలాయన క్షమించలేదు.
"గంజి పొయ్యి" అన్నాడు, అంతే.
రాసినాయన కూడా ఆడ
ఒక్క మాట పెంచలేదు.

మంచోడు తప్పు చేయడనుకునేవాణ్ణి.
కాబట్టి నేను మంచోణ్ణి కానని
ఎప్పుడో తీర్మానం చేసుకుని హాయిగా ఉంటిని.
ఆ హాయి పోయింది.

నీళ్ల పుస్తకం తీసి
ఆ నాలుగు నిమిషాలు ఎవరికో, ఎందుకో రాసినాను.
చెయ్యి వణికి పేరు కాస్త చెదిరింది, చదవొచ్చు.
ఉరుకుందమ్మ దగ్గరికి పోయి చెప్పినాను.
ఆమె బిందె బోర్లించి
"చెప్తే నిండుతుందేమిరా?" అన్నది.
నేను నిలబడే ఉన్నాను.
కాసేపటికి పీట తోసి
"కూర్చోండి" అన్నది.

రెండొందల పన్నెండు.
కేంద్రంలో గింజలు రెండు రోజులకే.
వరసలో చివర తిరుపాలు కూతురు, సత్తుగిన్నెతో.
అధికారి వంగి చెవిలో ఏదో చెప్పినాడు.
తిరుపాలు గరిటె పైకెత్తి
అంతే, ఆ పైన కాగితాలు లేవు.
బొరుగుల పొట్లాలైపోయినట్టుండాయి.

ఎవరి దగ్గరైనా ఆ నవల మొత్తం ఉంటే
చివరిదాకా చదివి నాకొక్కటి చెప్పండి.
బతికినాడా అని కాదు.
బిడ్డను వరస దాటించి ముందుకు పిలిచినాడా అనీ కాదు,
పిలిచినా నేనేమీ అనుకోను.
ఆ బిడ్డనూ పేరడిగినాడా?
ఆమె ముందు నిలబడినోళ్లను అడిగినట్టే?

బల్ల కింద బదులుగా పాత పంచాంగాలు పెట్టినాను.
ఊగుతానే ఉండాది.
నేను పొద్దున ఐదుకు
కోటగేరి వాల్వు కాడ ఉంటాను.