లోపలి గడియ

టంగుటూరు గోడౌనులో లెక్కల పుస్తకం నాది.
ఎడమ పేజీ ఆడవాళ్ళు, కుడి పేజీ మగవాళ్ళు.
నా ముందు గుమాస్తా గీసిన గీతే
నేనూ అట్టాగే గీసుకుంటా వచ్చా
బీకాం చదివిన చేత్తో.

ఆ బీకాం ఫీజు ఎడమ పేజీలోదే.
పదకొండో వరసలో మాయమ్మ, మాలకొండమ్మ.

తెల్లారుజామున మంచు తాగి ఆకు మెత్తబడి ఉంటది.
పొద్దెక్కితే పెళపెళ విరిగిద్ది.
ఆ రెంటి మధ్యే పని.
గోతాం పట్టా మీద మడిచిన కాలు మడిచినట్టే
మాయమ్మ ఒక్కో ఆకూ వెలుగుకు పట్టి చూసిద్ది.
నిమ్మపండు పసుపు ఇటు,
పసుపులో రవ్వంత ఎరుపు తిరిగింది అటు,
పచ్చ చార ఉన్నది వెనక్కి.
కరెంటు పోయినా చెయ్యి ఆగదు.
ముద్రలరిగిన వేళ్ళకి
ఆకు తన రంగు తానే చెప్పిద్ది.
ఆధార్ మిషను మాత్రం ఆ వేళ్ళను ఎరగనంటది.

వేలం కాడ బయ్యరు బేలు విప్పి
ముక్కుకు ఆనించుకుని "బంగారం!" అంటాడు.
రైతు మీసం సవరించుకుంటాడు.
పుస్తకంలో మాయమ్మ హోదా: హెల్పరు.

సబ్బుతో, చింతపండుతో, మట్టితో
ఎంత తోమినా వదలని జిగట.
చిన్నప్పుడు ఆమె పెట్టే మొదటి ముద్ద చేదు.
అన్నం రుచే అది అనుకున్నా.

కిందటేడు ఎస్తేరమ్మ
గంప బోర్లించి దానిమీదెక్కి అడిగింది:
"బేలు ఎత్తే నడుముకు ఏడొందలు,
ఆకు చదివే కంటికి మూడొందల యాభయ్యా?
నా రెండు కళ్ళూ కలిపితే
నా మొగుడి నడుములో సగమా?"
నవ్వులు.
ఆ నవ్వుతోనే లేచారు నూట పన్నెండు మంది.

తొమ్మిది రోజులు టోల్ గేటు కాడ, ఎండలో.
మద్రాసు లారీల దుమ్ము కలిసిన అన్నం.
ఆ తొమ్మిది రోజులూ నేను లోపల, ఫ్యాను కింద,
రోజుకు నూట పన్నెండు సున్నాలు చుట్టా.
రాత్రి మాయమ్మ ఏమీ అనలా.
"చెయ్యి నెప్పిగా ఉందా?" అని అడిగిందంతే.

పదోనాడు గెలిచారు.
(గెలిచాం అనడానికి నాకు ఏడాది పట్టింది.)
నలభై పెరిగింది.
అడగని మగవాళ్ళకి అరవై పెరిగింది.
కూడి, తీసేసి, మళ్ళీ కూడి చూశా:
గెలిచాక తేడా ఇరవై ఎక్కువైంది.
ఎస్తేరమ్మకి చెబితే
"తెలుసులేమ్మా, మాకూ లెక్కలొచ్చు.
తలుపు సంగతి రాసుకున్నావా?" అంది.

తలుపు.
ఇరవయ్యేళ్ళు గోనెసంచి వేలాడిన చోట,
ఒకత్తి లోపలికి పోతే ఇంకొకత్తి కాపలా నిలబడిన చోట,
రేకు తలుపు, దానికి లోపలి గడియ.
ఒంగోలు ఐటీఐలో మగపిల్లల మధ్య
వెల్డింగు నేర్చిన ఎస్తేరమ్మ మనవరాలు కెజియా
నల్లద్దం మొహానికి పెట్టుకుని అతికింది.
"ఇనప పని ఆడపిల్లకెందుకే" అన్న మేస్త్రీ
ఆమె పక్కనే గొంతుక్కూచుని వైరు పట్టుకున్నాడు.
రవ్వలు రాలుతుంటే
పొద్దంతా నీళ్ళు తాగకుండా బతకడం నేర్చిన ఆడవాళ్ళు
కొంగులు నోట్లో పెట్టుకుని చూశారు.
ఆ సాయంత్రానికి
గోడౌను కుండ మొదటిసారి ఖాళీ అయింది.

మార్చి ఎనిమిదిన ఎవరో కారులో వచ్చి
ఎస్తేరమ్మకి శాలువా కప్పి, ఫొటో దిగి పోయారు.
ఆమె ఆ శాలువా తీసి ఆకు కుప్పమీద కప్పింది,
పదును ఆరిపోకుండా.

ఈ సీజనుకి కొత్త పుస్తకం తెరిచా.
నడిమి గీత గియ్యలా.
మాలకొండమ్మ కింద మస్తాను,
మస్తాను కింద యానాదమ్మ.
కూలి అంకెలు ఇంకా వేరువేరే.
అవి మాత్రం పెన్సిలుతో రాస్తన్నా.
"ఏందమ్మా ఇది?" అన్నాడు ఓనరు.
ఇంకు అయిపోయిందన్నా.

వెనకవైపు ఎవరో రేకు తలుపు కొడతన్నారు:
"ఎంతసేపే, మాలకొండక్కా!"
లోపల్నించి మాయమ్మ గొంతు,
తొందరేం లేకుండా:
"ఉండవే.
ఒక్క గడియ."