మూడో గడి

బ్రాడ్‌ఫర్డ్ నిద్రపోయాక కూడా
పైపులకు తగిలించిన నాలుగు వేల చెవులు మేలుకునే ఉంటాయి.
రాత్రి రెండింటికి
ఆఖరి సింకు ఆఖరి గుక్క మింగాక
అవి విన్నదంతా మోడల్‌కి పంపుతాయి.
మోడల్ పొద్దున్నే నాకో జాబితా పంపుతుంది.

ఈ వేళ మొదటి పేరు: ఫుల్లర్స్ ఫోల్డ్.
లీకు. తొంభై మూడు శాతం నమ్మకం.
నా బతుకులో దేని మీదా నాకు అంత నమ్మకం లేదు.

క్లైవ్‌కి అసలే లేదు.
ముప్పై ఒక్క ఏళ్లుగా వీధుల్ని వింటున్నవాడు.
చేతిలో నున్నబడ్డ చెక్క కర్ర, దాని కొసన గిన్నెలాంటి చెవి.
మ్యూజియం వాళ్లు రెండుసార్లు అడిగారట, ఇవ్వలేదు.
కర్రను ఇనుప మూత మీద ఆనించి
నాడి చూసేవాడిలా కళ్లు మూసుకున్నాడు.
నవంబరు వాన మెడ మీంచి చొక్కాలోకి దిగుతున్నా కదల్లేదు.
"లీకు ఈల వేస్తుంది," అన్నాడు చాలాసేపటికి,
"ఇది మాట్లాడుతోంది."

ఆ మాటని ఏ కాలమ్‌లో ఎక్కించను?

తవ్వించాను.
ప్లానింగ్ అంటే ఇంతే,
ఎవరి గుమ్మం ముందో మన సంతకంతో ఒక గొయ్యి.
తారు, కంకర, మిల్లుల కాలం నాటి రాళ్లు,
వాటి కింద పోత ఇనుప పైపు,
నూటపదేళ్లది, ఒక్క చుక్క చెమ్మ లేదు,
దొంగతనం అంటగట్టిన పెద్దమనిషిలా
మా వైపు చూడకుండా పడుకుని ఉంది.

ఏడో నంబరు ఇంటావిడ రుఖ్సానా
మగవాళ్ల గొడుగు వేసుకుని గొయ్యి అంచుకొచ్చింది.
"నా సెల్లార్ గోడ వెనకాల ఎప్పట్నుంచో ఉందది.
కౌన్సిల్‌కి పదకొండు ఉత్తరాలు రాశాను.
కిటికీలు తెరిచి పెట్టమన్నారు.
సెల్లార్‌కి కిటికీ ఎక్కడుంటుంది?
ఎండాకాలం గొణుగుతుంది, వాన పడితే పోట్లాడుతుంది.
నేనూ ఊరుకోను."

క్లైవ్ ఇంకో మూడడుగులు తవ్వమన్నాడు.
రాతి కమాను.
అందులో చెయ్యి పట్టేంత సందు.
టార్చి వేస్తే

వాగు.

ఉన్ని కడిగి, రంగులు కడిగి
ఒకరోజు ఎర్రగా ఒకరోజు నీలంగా పారిందట.
కంపు కొడుతోందని ఊరు దాని మీద మూత పెట్టింది,
మూత మీద వీధి వేసింది,
వీధికి పేరు పెట్టి, వాగు పేరు మర్చిపోయింది.
మా మ్యాపుల్లో ఏ పొరలోనూ లేదు.
చీకట్లో, తన పనిలో తాను, చల్లగా
గట్టిగా ఏదో చెప్పుకుంటూ పోతోంది.

ఆఫీసుకొచ్చి ఫారం తెరిచాను.
రెండే గడులు: లీకు. లీకు కాదు.
నేను ఏది నొక్కితే మోడల్ అదే నేర్చుకుంటుంది.
మొదటిది నొక్కితే
ఊళ్లో పూడ్చిన ప్రతి వాగునీ తవ్వి పోస్తుంది.
రెండోది నొక్కితే
ఇలాంటి గొంతు వినిపించినప్పుడల్లా మొహం తిప్పుకుంటుంది,
అప్పుడు మానింగ్‌హామ్‌లో నిజంగానే పైపు పగిలి
ఎవరి పొయ్యి కిందికో నీళ్లొస్తాయి.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటాం కదా.
పల్లం మోడల్‌కి తెలుసు,
సెంటీమీటరు తేడా లేకుండా.
సామెతలో రెండో సగం
నా టేబుల్ మీద పడేసి పోయింది.

మూడో గడి కావాలని పై వాళ్లకి రాశాను.
ఏం పేరు పెట్టాలన్నారు.
ఇంకా ఆలోచిస్తున్నాను.

గొయ్యి పూడ్చాక పన్నెండో ఉత్తరం వచ్చింది, ఈసారి నా పేరున.
"శబ్దం మారింది. సందు మూసేశారా?
కొంచెం తెరిచే ఉంచాల్సింది."

రాత్రంతా వాన.
పొద్దున జాబితాలో మళ్లీ మొదటి పేరు: ఫుల్లర్స్ ఫోల్డ్.
తొంభై నాలుగు శాతం.