లోపలి రంగు

సీతారాంపురం మలుపులో బస్సు బురదలో దిగబడితే
మా లేసు షెడ్డు దాకా నడిచే వచ్చారు
విశాఖపట్నంలో చదివే పరదేశపు పిల్లలు పదకొండుమంది,
వాళ్ళతో ఒక తల్లి.
కొడుకు పట్టా పుచ్చుకోవడం చూడ్డానికి వచ్చిందట,
పాతకాలపు పనులు చూపించే యాత్ర అంటే
సరే నేనూ వస్తానందట.

ఊరి పేరు హరర్.
చుట్టూ గోడ, గోడకి ఐదు గుమ్మాలు.
పొద్దుగూకితే దుమ్ములగొండ్లని పేరు పెట్టి పిలిచి
మాంసం తినిపిస్తారన్నాడు కొడుకు.
ఏజెంటు సూరిబాబు నమ్మలేదు.
నేను నమ్మాను.
వరదొచ్చి ఇంట్లోకి దూరిన గోదారికి
పసుపూ కుంకం పెట్టేవాళ్ళం, మనకేం తక్కువ.

నేను చూసింది ఆవిడ తల.
జుట్టు రెండు పాయలు, చెవుల వెనక రెండు ముడులు,
వాటిమీద నల్లటి వల.
వల!
ముప్పై ఏళ్ళుగా క్రోషే సూదితో నేను అల్లే కన్నాలే,
అంతకు ముందు మా నాన్న
కాలి బొటనవేలికి తగిలించి బాగుచేసిన కన్నాలే
ఆవిడ నెత్తిమీద బుద్ధిగా కూచున్నాయి.
వేలు ఊరుకోదు కదా,
దూరం నించే లెక్కపెట్టేసింది.

పెళ్ళయిన ఆడదాని గుర్తట అది.
మనకి పుస్తెలు, వాళ్ళకి వల,
పడ్డవాళ్ళం పడ్డట్టే, అన్నాను.
షెడ్డంతా నవ్వింది.
కొడుకు ఆ ముక్క ఎలా చెప్పాడో ఏమో
ఆవిడ అందరికంటే ఆలస్యంగా,
అందరికంటే గట్టిగా నవ్వింది.

పేరు నూరియా.
వంగపండు రంగు పట్టు గౌను,
చీలమండల దగ్గర బిగిసిన పైజమా,
దాని అంచు చుట్టూ ఆవగింజంత కుట్లు.
ఆ పట్టు ఒకప్పుడు మన రేవుల్లోనే ఓడెక్కిందని
వాళ్ళ అమ్మమ్మ చెప్పేదట.
అయితే చుట్టానివే, బట్ట వరసన, అన్నాను.

వాళ్ళ ఇళ్ళల్లో గోడలనిండా బుట్టలేనట,
రంగుల గడ్డితో ఆడవాళ్ళు అల్లుకున్నవి,
ఏది ఎక్కడ వేలాడాలో దాని చోటు దానికి ఉంటుందట.
నా గోడకి నేనల్లింది ఒక్కటీ లేదు.
ఏ దేశంలోనో, ఎవరి టీ కప్పుల కిందో
ఉన్నాయి నా కళ్ళు.

కుట్టు చూస్తానని గౌను కొస పట్టుకున్నాను.
ఆవిడే తిరగేసి చూపించింది.
లోపలంతా నలుపు.
అస్తరు కాదు, అదీ గౌనే.
అటు తొడిగితే పండగ, ఇటు తొడిగితే చావు.
ఒకటే బట్ట.
ఏ కబురొచ్చినా పెట్టె తెరవక్కర్లేదు.

కాసేపు నాకు నోరు పెగల్లేదు.

తొంభయ్యారు తుఫాను.
పాలకొల్లులో పెళ్ళికని కట్టిన చిలకపచ్చ చీర.
మూడో నాడు బియ్యపుతిప్ప రేవులో
మా అన్న వీరాసామిని ఒడ్డుకి తెచ్చారు.
ఇల్లు లేదు, పెట్టె లేదు, రెండో చీర లేదు.
ఆ పచ్చలోనే వాడి పక్కన కూచున్నాను.
ఎండొచ్చింది.
జరీ మెరిసింది, సిగ్గులేకుండా.
ఊరు ఇప్పటికీ ఆ చీర సంగతే చెప్పుకుంటుంది,
వాణ్ణి మరిచిపోయి.

ఇదేం ఆవిడకి చెప్పలేదు.
కొడుక్కి అంత తెలుగు రాదు,
ఆ మాటకొస్తే నాకూ రాదు.
కొస మాత్రం వదల్లేదు.
ఆవిడ లాక్కోలేదు.

వెళ్ళేప్పుడు నాలుగు లేసు గుడ్డలు కొన్నారు.
కొడుకు బేరమాడితే
తల్లి వాడి చేతిమీద ఒక్కటిచ్చింది.

మా సూదికి తెలుపు తప్ప తెలీదు,
మహా అయితే మీగడ రంగు.
ఇవాళ కరెంటు పోయింది.
నరసాపురం బజార్లో కొన్న నల్లదారం ఉండ
ఒళ్ళో ఉంది.
చీకట్లో దారం కనపడదు, అల్లిందీ కనపడదు,
వేలికి మాత్రం ఎక్కడున్నానో తెలుసు.
సూరిబాబు దీన్ని తీసుకోడు.
ఏ కొలతకి అంటే చెప్పలేను.
తలకనే మొదలెట్టాను,
అప్పుడే చాపంత అయింది.
తెంపబుద్ధి కావడం లేదు.