సాగిన టేపు

మిందేలో రేవులో పడవ టికెట్లు చింపే ఉద్యోగం నాది.
ఎదురు దీవికి రోజుకు రెండే పడవలు.
నడుమ నాలుగు గంటల ఖాళీ.
ఆ ఖాళీలో
టికెట్టు పుస్తకాల అట్టల వెనక
పాటలు రాసుకుంటాను.

మా దీవికి వాన చుట్టపుచూపుగానైనా రాదు.
సహారా దుమ్ము మాత్రం పిలవకుండానే వచ్చి
గిటారు తీగల మీద కూర్చుంటుంది.
తుడవకుండా మీటితే
తొలి స్వరం కాస్త దగ్గుతుంది.

న్యా ఎర్మెలిందాను నేను చూడలేదు.
నేను పుట్టేసరికే ఆమె పోయి ఆరేళ్ళు.
రాటర్‌డామ్ ఓడల్లో కళాసీగా చేసిన మా మేనమామ
వదిలిపోయిన ఒకే ఒక్క క్యాసెట్టు,
దాని అట్ట మీద ఆమె ఫోటో,
చేతిలో సగం ఒలిచిన నారింజ.
ఎవరో పిలిస్తే తలెత్తి చూసినట్టుంటుంది.

రెండో వైపు, మూడో పాట.
"రేపు" అన్న మాట దగ్గర
ఆమె గొంతు ఉన్నట్టుండి జారుతుంది.
చీకట్లో, ఉందనుకున్న మెట్టు
కాలికి తగలనట్టు.
మళ్ళీ మెల్లగా తేరుకుని
వరసను అందుకుంటుంది.

ఏడుపు కాదది.
ఏడుపు నాకు తెలుసు, రేవులో రోజూ చూస్తాను.
ఇది ఏడుపు దాటి వచ్చేసిన మనిషి
ఒక్కసారి వెనక్కి చూడడం.

ఆ జారుడు కోసం ఎనిమిదేళ్ళు.
ఖాళీ నీళ్ళ పీపాలో తల దూర్చి పాడాను.
జలుబు చేసినప్పుడు పాడాను, జ్వరంలో పాడాను.
పట్టుబడింది చివరికి.
అప్పటినుంచీ నా ప్రతి పాటలోనూ
ఎక్కడో ఒకచోట ఒక మెట్టు ఉండదు.
"అచ్చం ఎర్మెలిందా!" అన్నారు జనం.
నేల మీద నడవలేదు నేను కొన్నాళ్ళు.

మంగలి దుకాణం మీది గదిలో
న్యో ఫెలిస్బెర్తు ఉంటాడు.
ఆ పాటకు గిటారు వాయించిన వేళ్ళవి,
ఇప్పుడు డామినో బిళ్ళలు వెతుక్కుంటున్నాయి.
క్యాసెట్టు వినిపించాను.
ఆ చోటు రాగానే నవ్వాడు.
"టేపు సాగిందే పిల్లా.
అక్కడ ఆమె గోడకు కొట్టిన మేకులా నిలబడి పాడింది."
మంచం కింద నుంచి పాత రికార్డు తీసి పెట్టాడు.
నిజమే.
మేకే.

మరి నేనెవరి దగ్గర నేర్చుకున్నట్టు?

బిళ్ళలు కలుపుతూ అన్నాడు:
"ఆమె మాట మధ్యలో ఊపిరి తెంపుతుంది, విన్నావుగా.
ఊరంతా దణ్ణం పెట్టిన విరుపది.
బొగ్గు ఓడల దగ్గర పాడే
ఒక ముసలాడి దగ్గర పట్టింది.
వాడికి ఉబ్బసం."

తర్వాత నా పాట పాడమన్నాడు.
నేను జారే చోట
గిటారు బిరడ కొంచెం వదులు చేసి,
తీగను జారనిచ్చి,
మళ్ళీ బిగించాడు.
"ఇలాగేనా?" అన్నాడు.
ఎనభై నాలుగేళ్ళ మనిషి,
నా నోటికేసి చూస్తూ.

తిరిగి వస్తుంటే తట్టింది.
టేపంతా బాగానే ఉంది,
ఆ ఒక్క మాట దగ్గరే ఎందుకు సాగింది?
ఏ ఓడ అడుగున, ఏ ఇనుప మంచం మీద
ఎన్నిసార్లు ఆపి, వెనక్కి తిప్పి,
మళ్ళీ విన్నాడో మా మామ.
ఆయన పాడగా నేనెప్పుడూ వినలేదు.
ఈల కూడా వేసేవాడు కాదు.

మూడు గంటల పడవ కూత పెట్టింది.
వరుసలో మొదటివాడు చిల్లర లేదంటున్నాడు.