పదిహేడో ముక్క

మహబూబ్‌నగర్ ల్యాబులో
నా పని లాగుడు.
రెండు ఇనుప దవడల నడుమ ముక్కను బిగించి
తెగేదాకా లాగుడు,
తెగిన చప్పుడు చెవినపడకముందే
అంకె రాసుకునుడు.
నడుమ కరెంటు పోతే
ముక్క సగం సాగి అట్లనే ఉంటది,
చెప్పబోయిన మాట ఆపుకున్నట్టు.

మక్కపిండిలోంచి పుట్టిన ప్లాస్టిక్కు
ఒంటరిగా ఉంటే ఉత్త పెళుసు.
ఎండిన అప్పడంలెక్క పుటుక్కుమంటది.
పుంటినార నూటికి ఇరవై పాళ్లు కలిపితే
కొంచెం మొండికేస్తది.
నలభై కలిపితే మళ్లా లొంగిపోతది,
పట్టుకునేటిది తక్కువై.

తెగిన అంచును భూతద్దం కింద పెడితే
నారపోగులు సాఫుగా బయటికి జారి ఉన్నయి,
ఒరలోంచి దూసిన కత్తుల్లెక్క.
తెగలేదు అవి. విడిచిపెట్టినయి.
పైన జిడ్డున్నంతసేపు పట్టు దొరకదని
ఖలీల్ సారు సోడానీళ్లల్ల నానబెట్టమన్నడు.

నార తెచ్చిచ్చే ఈదమ్మది జడ్చర్ల అవతల.
తొట్టిని చూసి
"బూడిదనీళ్లకు బదులా?" అన్నది.
"మరి దీంతోటి బర్రెను కట్టొచ్చా?"
ఆర్నెల్లల్ల మట్టిల కలుస్తదని చెప్పిన.
"ఆర్నెల్లకు తెగే తలుగును
ఎవడు కొంటడు బిడ్డా?"
జవాబు నా రిజిస్టర్ల లేకుండె.

ఆమె చెల్కలనే, జానెడు లోతున
ఇరవై ముక్కలు పాతినం.
ఒక్కోదానికి నైలాన్ దారం, దారానికి నంబరు.
కలిసిపోయేదానికి
కలవనిదాన్ని కడుతున్నమని
ఆ పొద్దు తోచలేదు.

దసరా దాటినంక తవ్వినం.
సోడాల నానినవి నీళ్లు తక్కువ తాగి
గట్టిగనే ఉన్నయి, బరువు పెద్దగ పోలేదు.
నానబెట్టనివి ఉబ్బి, నల్లబడి
వేలు తగిలితే పొరలు పొరలుగ రాలినయి.
"గట్టిది కావాల్నా, కరిగేది కావాల్నా,
ముందు అది తేల్చుకో" అని
సారు ఎప్పుడో అన్న మాట.

పదిహేడోది దొరకలే.
దారం ఉంది. ముడి ఉంది.
ముడిలోపట
చెదలు కట్టిన మట్టి గొట్టం.
మిగిలిన బరువు గడిలో
సున్నా పెట్టాల్నా, గీత గీయాల్నా
తెల్వక ఫోన్ చేసిన.
"నమూనా పోయిందని రాయి" అన్నడు.

ఈదమ్మ ఆ నైలాన్ దారాన్ని
పంటితో కొరికి చూసింది. తెగలే.
వేలికి చుట్టుకుంట లేచింది.
"ఇది నాకియ్యి.
బీరతీగకు పందిరి కట్టాలె."