సీలు తీయని సీసా

"ఏందక్కా ఇది, కొత్తదే గదా?"
నిన్న నా దగ్గర కొన్న సీసాని
మాలకొండయ్య తెచ్చి కౌంటరు మీద పెట్టాడు.
పెట్టిన ఊపుకి అడుగున నిద్రపోతున్నదేదో
లేచి, పచ్చటి నీళ్ళలో ఒక చుట్టు తిరిగి
మళ్ళీ కూర్చుంది.

సీలు చూశాను, చెక్కుచెదరలేదు.
తారీకు చూశాను, ఇంకా రెండేళ్ళుంది.
సీసా మీది బొమ్మలో మంచుకొండ,
బయట చీమకుర్తిలో మే నెల.

రోడ్డవతల పద్నాలుగు చక్రాల బండి
క్యాబిను ముందుకు వంచుకుని నిలబడింది.
వెనక గొలుసులేసి కట్టిన ఒకే ఒక్క రాయి,
నల్లరాయి, లోపల బంగారు చుక్కలు.
తెల్లారేసరికి కృష్ణపట్నం చేరాలి.
అక్కణ్ణించి ఏ దేశం పోతుందో నాకు తెలియదు.
రాయికీ తెలియదు.

అదే పెట్టెలో మిగిలిన పదకొండూ బయట పెట్టాం.
ఆరింటికి అడుగుంది, ఐదింటికి లేదు.
ఒకదాన్ని తలకిందులు చేస్తే
మూత వైపుకి జారింది,
చల్లారిన గంజిలా, తొందర లేకుండా.

ఒంగోలు డీలరుకి ఫోను చేశాను.
"బాగా కదిపి పోయమనండి మేడమ్,
అందరూ అట్నే పోస్తున్నారు."
అతని గొంతు వెనక ఏసీ చప్పుడు.

కదిపితే పోతుందా, కనపడకుండా పోతుందా?
ఈ రెండింటికీ తేడా తెలియకుండానే
పద్దెనిమిదేళ్ళు కొట్టు నడిపానా?

మా నానమ్మది తాళ్ళూరు పక్కన.
వానకి కుంట నీళ్ళు టీ రంగు తిరిగితే
చిల్లగింజని రాతి మీద అరగదీసి
కడవలో కలిపి, మూత పెట్టి,
"దాని జోలికి పోబాకండి, తేరుకోనీండి" అనేది.
పొద్దుటికి మడ్డి కిందికి, తేట పైకి.
పైది మాకు, కిందిది గోంగూర మడికి.
ఆమె లెక్కలో
అడుగు పట్టిందంటే నీళ్ళు బాగుపడ్డట్టు.
మరి ఈ సీసా
తేరుకుందా, విరిగిందా?

మెకానిక్కు సుభానీని పిలిచాను.
"ఇసక జాతి సరుకేదో కలుపుతారక్కా,
లోపల తుప్పు పట్టకుండా.
నిలవుంటే ఒక్కోసారి విడిపోద్ది.
పోస్తే ఏం కాకపోవచ్చు.
కాకపోవచ్చు అనేదాన్ని నేను మాత్రం పొయ్యను.
రేడియేటర్లో సన్న గొట్టాలుంటాయే,
మూసుకుపోయేటప్పుడు అవి నోరెత్తవు.
ఉలవపాడు దాటినాక పొగొచ్చిద్ది,
అప్పుడు చెప్తాయి."

మాలకొండయ్య సీసా తీసుకుని
ట్యూబులైటుకి ఎదురుగా ఎత్తి పట్టుకున్నాడు,
ఒక కన్ను మూసి.

పోయిన శుక్రవారం, ఒంగోలు పెద్దాసుపత్రిలో
చిన్న వయసు డాక్టరమ్మ
మా తమ్ముడు ఖాజా ఎక్స్‌రేని
అచ్చం ఇట్నే ఎత్తి పట్టుకుంది.
"పాలిషింగు యూనిట్లో ఎన్నేళ్ళు?"
పదకొండు.
పైన రెండు పక్కలా చుక్కలు,
మా ఊరి రాయిలో ఉండేటటువంటివే,
బంగారం రంగు ఒక్కటే తక్కువ.
వాడి సీలూ ఎవరూ తీయలేదు.
ముప్పై నాలుగేళ్ళు. చూస్తే కొత్తవాడే.

"పోసేదా వద్దా, ఒక మాట చెప్పు మస్తానక్కా,
లేకుంటే బోరు నీళ్ళు కొట్టుకుని పోతా."
బోరు నీళ్ళొద్దన్నాను.
మా బోరు నీళ్ళు టీ గిన్నెకే
తెల్లచొక్కా తొడుగుతాయి.

అడుగు లేని ఐదింట్లో రెండు ఇచ్చాను.
అరలీటరు తక్కువ పడితే
బ్యాటరీ నీళ్ళ క్యాను విప్పాను.
"డబ్బులు?"
"వచ్చేటప్పుడు చూద్దాంలే."
రాయి కదిలింది. లేచిన దుమ్ము
కాసేపు ఆలోచించి
మా అద్దాల బీరువా మీద దిగింది.

అడుగున్న ఏడూ పెట్టెలో సర్ది
స్కెచ్చు పెన్నుతో వాపసు అని రాశాను.
డీలరు తీసుకోడు, తెలుసు.
షట్టరు దించేముందు ఒకటి మళ్ళీ బయటికి తీశాను.
కదపలేదు.

ఇంటికెళ్తే తమ్ముడు అడిగాడు,
"ఈ రోజు బేరం ఎట్టుందక్కా?"
అడిగే ఊపుకే దగ్గు లేచింది.
నీళ్ళ చెంబు అందించి
వాడు తేరుకున్నాక చెప్పాను,
పర్లేదని.