కొసరు

డిసెంబరు ముప్పై ఒకటి. డులూత్.
సరస్సు మీంచి వచ్చే గాలి
షోరూమ్ అద్దాలకి మొహం ఆనించి లోపలికి చూస్తోంది.
ఈ నెల లెక్కకి నాకింకా ఒక్క బండి తక్కువ.
ఆ సంగతి గోడమీది బోర్డుకి తెలుసు, రస్‌కి తెలుసు,
కాఫీ మిషనుకి కూడా తెలుసు.
ఆమెకి తెలియకూడదు.

నాలుగూ పదికి వచ్చింది మార్లిస్ హాగెన్.
బూట్ల మంచు గుమ్మంలో రెండుసార్లు దులుపుకుంది.
ముప్పై ఏళ్లు బడి వంటింట్లో గరిటె తిప్పిన చెయ్యి
నా బల్లమీద ఒక నోటుబుక్కు పెట్టింది.
ఎర్ర బండి వైపు ఒక్కసారైనా చూడలేదు.
చూడనివాళ్లతోనే కష్టం.
తలుపు తీసి సీటు వాసన పీల్చినవాళ్లు
అప్పటికే సగం కొనేసినట్టు.

"నెలకి ఎంతైతే మీకు భారం కాదు?"
మా పాఠంలో మొదటి వాక్యం అది.
"నెలతో నాకేం పని బాబూ,
పన్నుతో, కాగితాలతో, నీ సంతకం ఖర్చుతో
గేటు దాటేదాకా ఎంత? ఒక్క అంకె చెప్పు."

చెప్పాను.
నవ్వలేదు, కోప్పడలేదు.
పెన్సిల్ కొన నాలిక్కి అద్ది రాసుకుంది.
దానిపైన క్లోకే వాళ్ల అంకె ఉంది,
దానిపైన వంతెన అవతల సుపీరియర్ వాళ్లది.
తలకిందుల అక్షరాలు చదవడం మా వృత్తివిద్య.
ఆమె ఆ పేజీని కావాలనే మూయలేదని
చాలాసేపటికి గాని తట్టలేదు.

"మేనేజర్ని అడిగొస్తాను" అని లేచాను.
నిజం చెప్పనా,
ఆ గదిలో అడగడం ఏమీ ఉండదు.
రస్ సాండ్‌విచ్ తింటూ హాకీ చూస్తుంటాడు.
నేను గడియారం చూస్తూ నాలుగు నిమిషాలు నిలబడతాను.
ఆ నాలుగు నిమిషాల్లో బయట కుర్చీలో మనిషి
తనతో తనే బేరమాడుకుని
ఒక మెట్టు దిగుతాడు.
గొంతులో ఆయాసం పెట్టుకుని తిరిగొచ్చి
"అతి కష్టం మీద మూడొందలు" అన్నాను.
"ఎవరు గెలుస్తున్నారు?"
"ఎవరు?"
"హాకీలో. మీ మేనేజర్ గది గోడ పల్చన."

తుప్పు పట్టని పూత అన్నాను.
"ఫ్యాక్టరీవాడు పూయకుండానే పంపాడా?"
పాత బండి మాట ఎత్తబోయాను.
"దాని బేరం దానిది. రెండు కూరలు ఒక గిన్నెలో వండితే
ఉప్పు దేన్లో ఎక్కువైందో ఎవరు చెప్తారు?"

అయిదున్నరకి కోటు తొడుక్కుంది.
ఒక్కొక్క గుండీ. పైనుంచి కిందికి ఏడు.
రెండో గుండీకి కాగితాల ఫీజు పోయింది,
నాలుగోదానికి నా కమీషన్లో సగం,
ఆరోదానికి రస్ తనే బయటికొచ్చాడు,
మూతికి ఆవముద్ద అంటుకుని.
ఏడో గుండీ ఆమె పెట్టుకోలేదు.

"మరి కొసరు?"
రబ్బరు చాపలు నాలుగూ ఇచ్చాను.
"చలికి ఇంజను వెచ్చబెట్టే తీగ?" అదీ ఇచ్చాను.
బోర్డుమీద నా పేరు పక్కన గీత నిండింది.
నాకు మిగిలింది ఒక పూట భోజనం ఖర్చు.

పాత బండి ఖాళీ చేస్తానంటే టార్చి పట్టుకుని వెళ్లాను.
పదిహేడేళ్ల బ్యూక్. పక్క సీటు బాగా వెనక్కి జరిపి ఉంది,
పొడుగు మనిషి కాళ్లు చాపుకునేంత.
అరలోంచి ఆసుపత్రి పార్కింగ్ చీటీలు తీసింది,
చాలా ఉన్నాయి, రబ్బరుబాండు వేసి.
అవి మాత్రం లెక్కపెట్టలేదు.

కొత్త బండి ఎక్కాక అద్దం దించి
చెక్కపిడి ఉన్న మంచు గీకే బద్ద నా చేతిలో పెట్టింది.
"ఇది నీకు కొసరు.
ఆ మూల బండి నీదేగా? మీద జానెడు మంచుంది.
పొద్దున్నుంచి ఒక్కటీ అమ్మలేదని
లోపలికి రాకముందే తెలిసింది."

ఎర్ర దీపాలు మలుపు తిరిగిపోయాయి.
గీకుతూ నిలబడ్డాను.
మంచు కిందనుంచి కొంచెం కొంచెంగా బయటపడింది,
ఇరవై రెండేళ్ల వయసులో ఇదే షోరూమ్‌లో
అడిగినంతా ఇచ్చి
నేను కొన్న కారు.